కళింగపట్నం తీరమా, ఇంటి డాబానా?

రేడియోలో సముద్రం అవతలి మీడియం వేవ్ (ఏఎం) స్టేషన్లు పట్టే సరదా ఉన్న శ్రీకాకుళం వాళ్లకి ఎప్పుడూ ఇదే మీమాంస.

ఖర్చు: డాబాకి రూపాయి అక్కర్లేదు. తీరానికైతే రానూపోనూ పెట్రోలు, బ్యాటరీలు, దోమల బత్తి.

గోల: అసలు తేడా ఇక్కడే. డాబా మీద ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, పక్కింటి చార్జరు కలిసి ఒకటే గుయ్‌మంటాయి. 693 కిలోహెర్ట్జ్ మీద వచ్చే ఢాకా స్టేషన్ బలమైనది కాబట్టి రాత్రిళ్లు ఎలాగో దూరి వస్తుంది. థాయ్ స్టేషన్లు ఆ హోరులో మునిగిపోతాయి. ఇసుకలో ఆ బెడద లేదు. పైగా ఉప్పునీరు మీడియం వేవ్‌ని నేలంతగా మింగెయ్యదు, అందుకే తూర్పు నుంచి బలహీనమైన సిగ్నల్ కూడా తేలుతుంది.

దగ్గర్లోని విశాఖ రేడియో స్టేషన్ (927 కిలోహెర్ట్జ్) పక్క స్టేషన్ల మీదికి పొర్లితే రెండుచోట్లా మందు ఒకటే: లోపల యాంటెనాగా ఉండే ఫెరైట్ కడ్డీ కొన విశాఖ ఉన్న నైరుతికి ఉండేలా సెట్టు తిప్పండి.

రిస్కు: ఉప్పుగాలికి బ్యాటరీ స్ప్రింగులు చిలుం పడతాయి. అక్టోబరు, నవంబరు వాయుగుండాల్లో అటు వెళ్లొద్దు. మెరుపుల చిటపటలు తప్ప వినేదేమీ ఉండదు కూడా.

తెల్లారి డ్యూటీ ఉన్నవాళ్లకి డాబాయే నయం, కరెంటు పోగానే రేడియో పట్టుకుని పైకెక్కండి. డిసెంబరు, జనవరిలో ఒక్క రాత్రి ఖాళీ దొరికినా నా ఓటు తీరానికే.