బోటాక్స్ సూదా, బాక్లోఫెన్ మందా: ఎముకల వైపు నుంచి చూస్తే

సెరిబ్రల్ పాల్సీ (చిన్నతనంలోనే మెదడు దెబ్బతిని కదలికలు కష్టమయ్యే స్థితి) ఉన్న పిల్లల్లో కండరాల బిగుతు ఎక్కడుందో ముందు తేలాలి. పిక్కలు బిగిసి మునివేళ్ల మీద నడిచే పిల్లలకు బోటాక్స్, అంటే బిగిసిన కండరంలోకే వేసి దాన్ని సడలించే సూది, నప్పుతుంది. వారంలోపు పట్టు సడలడం మొదలై మూడు నాలుగు నెలలు నిలుస్తుంది. 12 వారాలలోపు మళ్లీ వేయరు. కంపెనీ మారితే యూనిట్ల లెక్క కూడా మారుతుంది.

ఒళ్లంతా బిగిసి, బట్టలు మార్చడమే గగనమైతే ఒంట్లోని కండరాలన్నిటినీ సడలించే బాక్లోఫెన్ మందు మేలు. కొద్ది మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మగత, మలబద్ధకం, మెడ వాలిపోవడం మామూలే. మందు అయిపోయిందని ఒక్కసారిగా ఆపితేనే అసలు ప్రమాదం: జ్వరం, భ్రమలు, మూర్ఛలు రావచ్చు. ఊరెళ్లేటప్పుడు నాలుగు రోజుల మందు అదనంగా పెట్టుకోండి.

ఈ రెండింటిలో ఏదీ నేరుగా ఎముకను గట్టిపరచదు. ఎముకకు బలం కండరం లాగుడు వల్ల, ఒంటి బరువు మోయడం వల్ల వస్తుంది. బోటాక్స్ ఆ లాగుడును కొన్నాళ్లు తగ్గిస్తుంది. జంతువులపై ప్రయోగాల్లో పక్క ఎముక పలచబడింది కూడా. బాక్లోఫెన్‌తో చిక్కు వేరు. కొందరు పిల్లలు ఆ బిగుతునే ఊతం చేసుకుని నిలబడతారు, మోతాదు ఎక్కువైతే కూలబడతారు. అందుకే మందు మొదలెట్టే ముందు, తర్వాత రోజుకు ఎన్ని నిమిషాలు నిలబడుతున్నారో రాసిపెట్టమంటాం. ఆ లెక్క తగ్గితే మోతాదు గురించి డాక్టర్‌తో మాట్లాడాలి.

ఫెనిటోయిన్, ఫినోబార్బిటోన్ అనే మూర్ఛ మందులు ఎముకకు కావాల్సిన విటమిన్ డిని తగ్గించవచ్చు కాబట్టి, అవి వాడే పిల్లలకు విటమిన్ డి పరీక్ష తప్పనిసరి. నడవలేని పిల్లల్లో ఎముక ఎక్కువగా విరిగేది మోకాలికి కాస్త పైన, అదీ బట్టలు వేస్తున్నప్పుడో కాలు సాగదీస్తున్నప్పుడో. మాటలు రాని బిడ్డ కాలు ముట్టుకోగానే ఏడిస్తే, బిగుతు పెరిగిందనుకుని మోతాదు పెంచకుండా ముందు ఎక్స్‌రే తీయించండి.