అమెరికా ఆంప్: స్టెప్‌డౌనా, లోపలి మార్పా?

అమెరికా నుంచి తెచ్చిన గిటార్ ట్యూబ్ ఆంప్‌కి (ఆంప్లిఫైయర్) 120 వోల్టులు కావాలి, మన ప్లగ్గులో వచ్చేది 230. నేరుగా పెడితే ఫ్యూజు పోతుంది, అదృష్టం బాగోకపోతే ట్రాన్స్‌ఫార్మరే పోతుంది.

మొదటి దారి బయట స్టెప్‌డౌన్, అంటే 230ని 120కి దించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె, పెట్టుకోవడం. ఆంప్ విప్పక్కర్లేదు, తిరిగి అమెరికా వెళ్లినా ఇబ్బంది లేదు. ఆంప్ వెనక రాసిన వాట్లకు కనీసం రెట్టింపుది కొనండి. రెండు పిన్నులది మాత్రం వద్దు; ఎర్త్ తెగితే గిటార్ తీగలు ముట్టుకున్న చేతికి షాక్ కొట్టొచ్చు. పైగా స్టెప్‌డౌన్ వోల్టేజీనే మారుస్తుంది, మన కరెంటు 50 హెర్ట్జ్ అలాగే ఉంటుంది. అమెరికా 60 హెర్ట్జ్ కోసమే చేసిన ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది.

రెండోది లోపలి మార్పు. ఆంప్‌లోని పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి 230 ట్యాప్ (230 వోల్టులకు కలిపే వైరు) ఉంటే పని సులువు: వైర్లు మార్చి, ఫ్యూజు సగానికి తగ్గించాలి; 2 ఆంపియర్లది ఉంటే 1 ఆంపియర్‌ది వేయాలి. ఈ ఫ్యూజు సంగతి చాలామంది మర్చిపోతారు. ట్యాప్ లేకపోతే ట్రాన్స్‌ఫార్మరే మార్చాలి, ఖర్చు ఎక్కువ. ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు, కాబట్టి తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి.

ఇక్కడే స్థిరపడి, ట్యాప్ ఉంటే నా ఓటు రెండోదానికే. బరువైన పెట్టె ఇంకోటి ప్రతి షోకీ ఎవరు మోస్తారు?