‘హింస’ అన్న మాట ఎత్తకుండా అడగడం నేర్పిన ట్రైనింగ్: నా రివ్యూ

పోయిన నెల విజయనగరంలో రెండు రోజుల ట్రైనింగ్‌కి వెళ్ళొచ్చాను. మొగుళ్ళు ఇంట్లో ఆడవాళ్ళ మీద చేయి చేసుకోవడం గురించి సర్వే చేసేవాళ్ళకి ఇచ్చే ట్రైనింగ్ అది. పెట్టిన సంస్థ పేరు రాయను, కింద కొన్ని తిట్లు ఉన్నాయి, మళ్ళీ వాళ్ళ దగ్గరే పని చేయాలి నేను. నాది శ్రీకాకుళం. ఎనిమిదేళ్ళుగా సర్వేలే నా పని, టీకాలు, మరుగుదొడ్లు, ఉప్పులో అయోడిన్, సెల్ కంపెనీలు అన్నీ అయ్యాయి గానీ ఈ రకం మాత్రం ఇదే మొదలు. వెళ్ళొచ్చా అని నలుగురైదుగురు అమ్మాయిలు అడిగారు, ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

చిల్లర విషయాలు ముందు అయిపోనివ్వండి. ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఫ్రీయే కదా అని దారి ఖర్చులు ఇవ్వలేదు. బస్సు ఫ్రీ సరే, కాంప్లెక్స్ నుంచి హాలు దాకా ఆటో ఎవరు ఫ్రీగా తీసుకెళ్తారు? మొదటి రోజు భోజనం రెండున్నరకి వచ్చింది, అప్పటికి సాంబారు చల్లారిపోయింది. మైకు ప్రతి పది నిమిషాలకీ కీచుమంది. అంతే, ఇంకేం లేదు.

అసలు సంగతికి వస్తాను. ట్రైనర్లు ఇద్దరు. ఒకావిడ హైదరాబాద్ నుంచి వచ్చారు, లెక్కలన్నీ ఆవిడ నోటి చివరే ఉన్నాయి. రెండో ఆవిడ చీపురుపల్లి వైపు పనిచేసి రిటైరైన ఏఎన్ఎం. పైసా వసూలు అయింది ఈ రెండో ఆవిడ వల్లే.

మొదటి గంటలోనే ఆవిడ నన్ను లేపి, నువ్వు సర్వేకి వచ్చావు, నేను ఇంటావిడని, అడుగు అన్నారు. నేను నా ధోరణిలో ‘మీ మీద ఎప్పుడైనా గృహ హింస జరిగిందాండీ’ అన్నాను. ఆవిడ కొంగు సర్దుకుని, ‘అలాటివేటీ లేవమ్మా మా ఇంట్ల, మా ఆయన మంచోడే’ అన్నారు. సరే, ఇప్పుడు కాగితంలో ఉన్నట్టు అడుగు అన్నారు. ‘మీ ఆయన మిమ్మల్ని ఎప్పుడైనా చెంప మీద కొట్టారా?’ ‘ఆ, కోపమొస్తే ఓ దెబ్బేస్తాడు, ఏ ఇంట్ల నేదు?’ ‘జుట్టు పట్టుకుని లాగడం, చేయి మెలితిప్పడం?’ ‘అదొకపాలి, తాగొచ్చినపుడు.’ హాలు మొత్తం నవ్వింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో అక్కడున్న ఇరవై ఆరుగురికీ తెలుసు.

ఆ పద్ధతి వెనక కథేమిటో హైదరాబాద్ ఆవిడ చెప్పారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా ‘హింస’ అని అడగరట, తోశారా, గుద్దారా, కాలితో తన్నారా, గొంతు నులిమారా అని ఒక్కొక్క పనే అడుగుతారు. హింస అంటే ఆసుపత్రిలో చేరేంత దెబ్బ అని మనవాళ్ళ లెక్క, చెంపదెబ్బ ఆ లెక్కలోకి రాదు. అలా విడివిడిగా అడిగితేనే 2019-21 సర్వేలో పెళ్ళయిన ఆడవాళ్ళలో దేశం మొత్తం మీద 29 శాతం పైన, మన రాష్ట్రంలో 30 శాతం మంది మొగుడి చేతిలో ఏదో ఒకటి పడ్డామని చెప్పారు. అంతకు ముందు సర్వేలో మన రాష్ట్రానిది 43. ఇంత తగ్గిందా అని సంబరపడబోతే ఏఎన్ఎం అమ్మ అన్నారు: దెబ్బలే తగ్గాయో, చెప్పడం తగ్గిందో నువ్వు ఇంటింటికీ తిరిగాక నాకు చెప్పు.

దెబ్బలు తిన్నవాళ్ళలో ఎవరి దగ్గరికైనా సాయానికి వెళ్ళింది దేశంలో 14 శాతమేనట. 77 శాతం మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. అంటే చాలామంది మొదటిసారి నోరు విప్పేది ట్యాబ్ పట్టుకుని గుమ్మంలో కూర్చున్న నాలాంటి దాని ముందే. ఆ రోజు సాయంత్రం బస్సులో నాకు ఇదే తిరిగింది బుర్రలో. అయోడిన్ ఉప్పు సర్వేలో ఈ టెన్షన్ ఉండదు.

నాకు బాగా తగిలిన సెషన్ ఇంకోటి ఉంది. ఏడు కారణాలు రాసిన కాగితం ఇచ్చారు. చెప్పకుండా బయటికెళ్తే, పిల్లల్నీ ఇంటినీ పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, పక్కకి రానంటే, వంట సరిగ్గా చేయకపోతే, అనుమానం వస్తే, అత్తమామల్ని లెక్కచేయకపోతే. వీటిలో దేనికైనా మొగుడు కొట్టడం సబబే అనిపిస్తే టిక్ పెట్టండి, పేరు రాయొద్దు, మడిచి డబ్బాలో వేయండి అన్నారు. అదే సర్వేలో మన రాష్ట్రం ఆడవాళ్ళని ఇలాగే అడిగితే 83.6 శాతం మంది కనీసం ఒక్కదానికైనా సబబే అన్నారు. ఆ అంకె తర్వాత చెప్పారు. నేను అప్పటికే ఒకదానికి టిక్ పెట్టి డబ్బాలో వేసేశాను. దేనికో చెప్పను. డబ్బా తెరిచి చూస్తే మా హాల్లో ఖాళీ కాగితాలు తొమ్మిది.

ఇంక లోపాలు. ప్రశ్నల తెలుగు ఘోరం. ‘మీ సన్నిహిత భాగస్వామి మిమ్మల్ని ఉద్దేశపూర్వకంగా అవమానపరిచారా’ అట. భాగస్వామి అంటే మా ఊళ్ళో చేపల చెరువులో వాటా ఉన్నవాడు. మీ ఆయన పదిమందిలో మీ పరువు తీసేలా మాట్లాడారా అంటే సరిపోదూ? ఈ మాటే అడిగితే, అప్రూవ్ అయిపోయింది, మార్చకూడదు అన్నారు. మార్చకూడదు అన్నదీ నిజమే, ఒక్కొక్కరం ఒక్కోలా అడిగితే లెక్క చెడుతుంది. కానీ అప్రూవ్ చేసే ముందు ఒక్కసారి పలాస సంతలో చదివి వినిపించాల్సింది.

రెండోది, ‘గత 12 నెలల్లో’ అన్న ప్రశ్న. మన తీరం ఊళ్ళలో మగాళ్ళు వేటకి గుజరాత్ వెరావల్ వెళ్ళిపోతారు, ఏడాదిలో ఇంట్లో ఉండేది కొన్ని నెలలే. ఆ కొన్ని నెలల్లో నాలుగుసార్లు కొట్టినవాడూ, ఏడాదంతా ఇంట్లో ఉండి నాలుగుసార్లు కొట్టినవాడూ ఫారంలో ఒక్కటే. అక్కడి నుంచి వీడియో కాల్ చేసి ఇల్లంతా తిప్పి చూపించు అనేవాడికి అసలు గడే లేదు. అడిగాను, రాసుకున్నారు.

మూడోది, ఇది కాస్త కోపంగానే రాస్తున్నా. చెవిటి మూగ ఆడవాళ్ళు, కొండ మీద సవర భాష మాట్లాడేవాళ్ళు, వలసెళ్ళి వచ్చినవాళ్ళు, వీళ్ళందరికీ కలిపి అరగంట, అదీ రెండో రోజు భోజనాలయ్యాక, సగం మంది కునుకు తీస్తుండగా. మాట వినబడనావిడకి సైగలు అర్థం చేసి చెప్పేది ఎవరు? మొగుడో, అత్తో. సవర మాటని తెలుగులో చెప్పేది ఎవరు? ఆ ఊరి వాడే, వాళ్ళాయన బంధువే. అలాంటి ఇంట్లో ఏకాంతం ఎక్కడిది? దీనికి జవాబు వాళ్ళ దగ్గర లేదు, ‘వీలైనంత వరకు’ అని స్లైడ్ మార్చేశారు. 18 నుంచి 49 ఏళ్ళ లోపు వాళ్ళనే అడుగుతాం కాబట్టి మా వీధిలో కొడుకు చేత తన్నులు తినే ముసలమ్మ ఏ కాగితంలోకీ రాదు.

కార్డు సంగతి చెప్పి తీరాలి. సర్వే అయ్యాక ఇవ్వమని అరచేతిలో పట్టే కార్డు ఇచ్చారు, పైన ఎర్ర అక్షరాల్లో ‘గృహ హింస బాధిత మహిళలకు’ అని. అది మొగుడి కంట పడితే? ఏఎన్ఎం అమ్మ అందరి ముందే ఆ కార్డుల కట్ట తీసి సంచిలో పడేశారు. మర్నాటికి ఎవరిచేత కొట్టించారో గానీ కొత్తవి వచ్చాయి: 108 అంబులెన్స్, 104 ఆరోగ్య సలహా, 1098 పిల్లల కోసం, 112 అత్యవసరం, మధ్యలో ఎవరికీ పట్టనట్టు 181, అంటే ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ నంబరు. ఏ ఇంట్లోనైనా క్యాలెండర్ పక్కన గుచ్చుకోవచ్చు దాన్ని. 2005 గృహ హింస చట్టం గురించి గంటన్నర చెప్పిన లాయరు గారి క్లాసు కంటే నాకు ఈ కార్డే ఎక్కువ పనికొచ్చింది.

ఇంకోటి. రోల్ ప్లే మధ్యలో మాలో ఒకావిడ లేచి బయటికెళ్ళిపోయింది, తిరిగి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇలా జరుగుతుందని ఈ రకం సర్వేలు చేయించేవాళ్ళందరికీ తెలుసు, ఇరవై ఆరుగురు ఆడవాళ్ళని కూర్చోబెడితే అందులో కొందరి ఇంటి కథ ఇదే కదా. అయినా మాట్లాడే మనిషిని పెట్టలేదు. టీ దగ్గర ఏఎన్ఎం అమ్మ ఆవిడ పక్కన కూర్చుని అరిసె ముక్క చేతిలో పెట్టారు. ఆ పని ఎజెండాలో లేదు.

రేటింగ్ అడుగుతారు కాబట్టి 5కి మూడున్నర. వెళ్ళండి, టిఫిన్ బాక్స్ మాత్రం వెంట తీసుకెళ్ళండి.

నేర్చుకున్నది ఫీల్డ్‌లో పనిచేసిందా అంటే ఒక్కటి చెప్తాను. ఎవరేం చెప్పారో రాయను, రాయకూడదని సంతకం పెట్టాం. ఎవరైనా మధ్యలో వస్తే వెంటనే వేరే ప్రశ్నల్లోకి మారిపోవాలని నేర్పారు, దానికోసం వంట, నీళ్ళ మీద పది ప్రశ్నలు వేరే పేజీలో ఉంటాయి. మొదటి రోజే ఒకింట్లో అత్తగారు చీపురు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసింది. ‘ఏటడుగుతున్నావే అప్పా మా కోడల్ని?’ అంది. నేను పేజీ తిప్పి, ‘మీరు వాడేది రాళ్ళ ఉప్పా, ప్యాకెట్ ఉప్పా పిన్నీ?’ అన్నాను. ఆవిడ అక్కడే కూకుండిపోయి ఉప్పు గురించి, కొళాయి నీళ్ళ గురించి, పంచాయతీ గురించి ముప్పావుగంట చెప్పింది. కోడలు లోపలికెళ్ళి టీ పెట్టి తెచ్చింది. గ్లాసు నా చేతికిస్తూ, ‘ఉప్పు ప్రశ్నలు ఇంకా మిగిలాయా అప్పా? రేపు పదింటికైతే అత్త గుడికెళ్తాది’ అంది.