స్లాబుకు కూల్ రూఫ్ పెయింట్: ఒక ఎండాకాలం వాడాక

మాది హన్మకొండ. ఇంటి పై అంతస్తు రూములో మగ్గం వర్కు చేయిస్తాను. నెత్తి మీద నేరుగా స్లాబే. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం రెండు తర్వాత ఫ్యాను తిప్పేది వేడి గాలే. ఏసీ పెడదామంటే ఆ కరెంటు బిల్లు జాకెట్ల మీద రాదు. అన్నిటికన్నా టెన్షన్ చెమటతో. రా సిల్కు మీద చుక్క పడితే మచ్చ. పెళ్లి జాకెట్టు మీద పడితే ఎవరు కట్టాలి? అందుకే మార్చిలో స్లాబుకు కూల్ రూఫ్ పెయింట్, అంటే ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటు, వేయించాను.

పని చేసింది. షాపాయన చెప్పినంత మాత్రం కాదు. "పది డిగ్రీలు తగ్గుద్ది మేడం" అన్నాడు. ఆ తేడా స్లాబు పైన చేయి పెడితే తెలుస్తుంది. మే నెల ఎండలో మా స్లాబు మీద వట్టి కాళ్లతో నడవొచ్చు, పక్కింటి స్లాబు మీద అడుగు పెట్టలేం. లోపల మాత్రం గోడకున్న చిన్న థర్మామీటరు లెక్కన తగ్గింది రెండు, మహా అయితే మూడు డిగ్రీలు. వినడానికి తక్కువే కానీ, మగ్గం మీద వంగి జర్దోసీ కుట్టేవాళ్లను అడగండి. సాయంత్రం తేడా ఇంకా బాగా తెలిసింది. పగలంతా పీల్చుకున్న వేడిని స్లాబు రాత్రి దాకా గదిలోకి వదిలేది. ఇప్పుడు దీపాలు పెట్టే వేళకే కూర్చుని పని చేసుకోగలుగుతున్నాం.

కొనేటప్పుడు ఎస్‌ఆర్‌ఐ నంబరు అడగండి. ఎండను తిప్పికొట్టడానికి, పట్టిన వేడిని వదలడానికి కలిపి ఇచ్చే మార్కు అది. ప్రామాణిక నలుపుకు 0, తెలుపుకు 100. మొదట వెళ్లిన షాపులో "తెల్లగా ఉంటే చాలదా" అంటూ మామూలు గోడల పెయింటే అంటగట్టబోయారు. రెండో షాపులో టెస్ట్ రిపోర్టు తీసి చూపించారు, నంబరు 100 దాటింది. అక్కడే కొన్నాను.

పెయింటు కంటే ముందు చేసే పనే ముఖ్యం. పాకురంతా వైరు బ్రష్షుతో గీకి, కడిగి, పగుళ్లు పూడ్చాలి. "ఎందుకక్కా, ప్రైమర్ పడితే అంతా పట్టేస్తది" అన్నాడు పెయింటర్ తమ్ముడు. పక్కన నిలబడి గీకించాను. ఇంకోటి, పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు రోలరు ఆపించాలి. కాలుతున్న స్లాబు మీద పెయింటు పట్టకముందే ఎండిపోయి, తర్వాత పొరలుగా లేస్తుంది. ప్రైమరు, రెండు కోటింగులు, కూలీ కలిపి 600 చదరపు అడుగులకు 21 వేలైంది.

ఇబ్బందులూ ఉన్నాయి. మధ్యాహ్నం బట్టలారేయడానికి వెళ్తే కళ్లు జిగేల్‌మంటాయి. దుమ్ము, పావురాల రెట్ట పడి తెలుపు మాసేకొద్దీ పనితనం తగ్గుతుంది, పైపు పెట్టి కడుగుతూ ఉండాలి. వాన కారడం ఆగుతుందని మాత్రం నమ్మకండి. మా ఈశాన్యం మూల చెమ్మ అలాగే ఉంది. వాటర్‌ప్రూఫింగ్ వేరే పని, వేరే ఖర్చు.

తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, 2028 దాకా అమలు. 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే కొత్త ఇళ్లకు తప్పనిసరి, అంతకన్నా చిన్నవాటికి మన ఇష్టం. నాకైతే ఇది తలకిందులుగా అనిపిస్తుంది. 600 గజాల వాళ్లకు ఏసీలుంటాయి. ఉడికిపోయేది మాలాంటి చిన్న ఇళ్లవాళ్లు, రేకుల కింద ఉండేవాళ్లు. ఇష్టం అని వదిలేసే బదులు వాళ్లకు పెయింటు డబ్బాలిస్తే బాగుండేది.

కింది పోర్షన్లో ఉండేవాళ్లకు ఈ ఖర్చు దండగ. పై అంతస్తులో అద్దెకుంటే ఓనరుతో చెప్పి ఉగాదికి ముందు రెండు పూతలు సున్నం కొట్టించుకోండి. వానలకు కొట్టుకుపోతుంది కానీ అప్పటికి ఎండలు దాటతాయి.