తెల్ల కూల్ రూఫ్ పూత: విశాఖ డాబాల మీద ఎంతవరకు నిలుస్తుంది?

విశాఖలో పై అంతస్తు ఫ్లాటంటే ఏప్రిల్ నుంచి జూన్ దాకా రాత్రి పదింటికి కూడా కప్పు కింద సెగ తగులుతూనే ఉంటుంది. పగలంతా ఎండ తాగిన స్లాబు చీకటి పడ్డాక ఆ వేడిని గదిలోకి వదులుతుంది. గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పుతుంది. దీనికి మందంటూ ఇప్పుడు రంగుల షాపుల్లో అమ్ముతున్నది తెల్ల కూల్ రూఫ్ పూత. 20 లీటర్ల బకెట్లలో వచ్చే, నీళ్లు కలిసే ఎలాస్టోమెరిక్ (రబ్బరులా సాగే) యాక్రిలిక్ రకం గురించే ఈ సమీక్ష. ఏ ఒక్క బ్రాండునూ ఎంచుకోలేదు. ఈ సరుకులో డబ్బా మీద పేరు కన్నా వేసిన తీరే ఫలితాన్ని తేలుస్తుంది.

కొనదగ్గ సరుకే. అయితే ఖర్చులో సగం పూతకి ముందు చేసే పనికి పోవాలి. ఆ పని ఎగ్గొట్టి పూత ఒక్కటే వేయిస్తే రెండో వానాకాలానికి పొరలు లేస్తాయి, ముఖ్యంగా సముద్రానికి దగ్గరున్న ఇళ్లలో.

పనితనం సంగతి ముందు. నడి ఎండలో చదరపు మీటరు డాబా మీద సుమారు 1000 వాట్ల ఎండ పడుతుంది. నల్లబారిన పాత సిమెంటు డాబా అందులో 30 శాతం తిప్పికొట్టి, మిగతా 700 వాట్లూ తాగేస్తుంది. కొత్త తెల్ల పూత 80 శాతం తిప్పికొడితే లోపలికి పోయేది 200 వాట్లే. అరికాలు ఆనించలేని 60 డిగ్రీల డాబా 40 దరిదాపులకి దిగుతుంది. గదిలో గాలి మాత్రం 2 నుంచి 4 డిగ్రీలే తగ్గుతుంది. ప్రకటనల్లో కనిపించే పది, పదిహేను డిగ్రీల మాట డాబా పైతలానికి సంబంధించినది, గదికి కాదు. ఆ రెండు, నాలుగు డిగ్రీలనీ తక్కువగా చూడకండి. మంచం మీద పడుకున్నప్పుడు ఒంటికి తగిలే సెగ చాలావరకు కప్పు నుంచి నేరుగా దిగేది, అది గోడకి వేలాడే థర్మామీటరులో కనిపించదు. తేడా తెలియాలంటే పూతకి ముందు ఒక రోజు, తరువాత ఒక రోజు రాత్రి ఎనిమిదింటికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కప్పు లోపలి తలాన్ని కొలవండి.

కంపెనీ ఇచ్చే సాంకేతిక వివరాల కాగితం, అంటే డేటా షీటులో రెండు అంకెలు చూడాలి: సోలార్ రిఫ్లెక్టెన్స్, థర్మల్ ఎమిటెన్స్. మొదటిది ఎంత ఎండని తిప్పికొడుతుందో, రెండోది తాగిన వేడిని ఎంత తేలిగ్గా ఆకాశానికి వదిలేస్తుందో చెబుతాయి. భవనాల్లో విద్యుత్ పొదుపు కోసం కేంద్రం తెచ్చిన 2017 నాటి ఈసీబీసీ నియమావళి కూల్ రూఫ్‌కి కనీసం అడిగినవి 0.60, 0.90. వాణిజ్య భవనాల కోసం రాసినదే అయినా ఇంటికీ అదే కొలబద్ద పెట్టుకోవచ్చు. వెండిరంగు అల్యూమినియం పెయింటు దగ్గర చాలామంది మోసపోయేది రెండో అంకెలోనే. అది ఎండని కొంత తిప్పికొడుతుంది గానీ, తాగిన వేడిని వదలదు. మూడేళ్లు ఎండకీ వానకీ నానాక రిఫ్లెక్టెన్స్ ఎంతుంటుందో రాసిన షీటు దొరికితే ఆ సరుకునే ఎంచుకోండి.

ఇక లీటర్ల లెక్క. ఎక్కువ పనులు చెడేది ఇక్కడే. ఎండిన పొర కనీసం 300 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటేనే అది సాగే పొర, అంతకన్నా బాగా పలచబడితే ఉత్త పెయింటు. బకెట్లో ఘనపదార్థం పరిమాణంలో 55 శాతం అనుకుంటే, 300 మైక్రాన్లు ఎండి నిలవడానికి తడిగా 545 మైక్రాన్లు వేయాలి. అంటే చదరపు మీటరుకి 0.55 లీటరు. వెయ్యి చదరపు అడుగులంటే 93 చదరపు మీటర్లు కాబట్టి 50 లీటర్లకి పైమాటే, రెండున్నర బకెట్లు. ఒక్క బకెట్టుతో వెయ్యి అడుగులు లాగేస్తే ఎండాక మిగిలేది 120 మైక్రాన్ల లోపే. కొత్తలో రెండూ ఒకేలా తెల్లగా మెరుస్తాయి, కంటికి తేడా దొరకదు. అందుకే చదరపు అడుగు రేటు ఒక్కటే మాట్లాడుకోకుండా ఎన్ని లీటర్లు పోస్తారో కాగితం మీద రాయించుకోండి, ఖాళీ బకెట్లు మీ ఎదుటే లెక్కపెట్టండి. నీళ్లు కలపడం అన్నిటికన్నా అడుగున వేసే ప్రైమర్ కోటుకే. పై రెండు కోట్లలో కంపెనీ చెప్పినదాన్ని మించి ఒక్క మగ్గు కూడా కలపనివ్వకండి.

డాబా సిద్ధం చేయడం అసలు పని. పాత సున్నం, నాచు, లేచిపోయిన పాత పొరలు వైరు బ్రష్షుతో గీకించి, ప్రెషర్ వాషరుతో కడగాలి. ఏ నీళ్లతో కడుగుతున్నారన్నది బీచి పక్క ఇళ్లలో చాలా ముఖ్యం. లాసన్స్ బే, పెదవాల్తేరు, పాండురంగాపురం వైపు ఉప్పు తగిలే బోర్లు ఉన్నాయి. ఆ నీళ్లతో కడిగితే ఉప్పు డాబా రంధ్రాల్లోనే మిగిలిపోతుంది. పూత కింద చిక్కుకున్న ఉప్పు కొద్దికొద్దిగా చెమ్మని లాక్కుంటుంది, ఆరు నెలల్లో బొబ్బలు తేలతాయి. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లు గానీ మంచినీళ్ల ట్యాంకరు గానీ వాడండి.

కడిగిన డాబా పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. ఒకటిన్నర అడుగుల చదరపు ప్లాస్టిక్ షీటుని నాలుగు అంచులా టేపుతో అంటించి 16 గంటలు వదిలేయండి. షీటు అడుగున నీటి చుక్కలు పట్టినా, సిమెంటు రంగు ముదిరినా ఇంకా ఆగాలి. మన ఊరికి జూన్ నుంచి ఒక వాన, అక్టోబరు, నవంబరుల్లో తుపానుల వాన, రెండూ ఉన్నాయి. కాబట్టి పనికి మంచి కాలం ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ సగం దాకా. అప్పుడు కూడా మిట్టమధ్యాహ్నం వేయించవద్దు. కాగిన డాబా మీద పై చర్మం ముందే కట్టేసి, లోపలి నీరు ఆవిరై బుడగలు లేపుతుంది. మార్చి, ఏప్రిల్‌లో సాయంత్రం నాలుగు తరువాత, మంచు పడే ఫిబ్రవరి రోజుల్లో డాబా మీద తడి ఆరిన పొద్దుటి పూట. రెండో కోటు మొదటిదానికి అడ్డంగా, మొదటిది పూర్తిగా ఎండాకే.

పగుళ్లని వెంట్రుక మందం ఉన్నా వదలకూడదు. వి ఆకారంలో కొద్దిగా కోసి, దుమ్ము ఊది, సాగే క్రాక్ ఫిల్లర్‌తో నింపాలి. ఎండకీ చలికీ కదిలే పగుళ్ల మీదా, పిట్టగోడ డాబాకి ఆనే మూల పొడవునా మొదటి కోటులోనే పాలిస్టర్ మెష్ (వలలాంటి గుడ్డ) పొదిగించాలి. ఆ మూలలో ముందే సిమెంటు, ఇసుక మాలు వేసి గుండ్రంగా తిప్పించాలి. పూత పిట్టగోడ పైకి కనీసం అడుగు ఎక్కాలి. నీళ్ల గొట్టం నోటి చుట్టూ చేయి తిరగదని బ్రష్షు పెట్టకుండా వదిలేస్తుంటారు, మొదటి కారుడు అక్కడి నుంచే మొదలవుతుంది.

నీరు నిలిచే డాబా మీద ఈ సరుకు పనికిరాదు. యాక్రిలిక్ పొర రోజుల తరబడి నానితే మెత్తబడి చేతికి ఊడొస్తుంది. వాన వెలిశాక రెండో రోజుకీ మడుగు కనిపిస్తే, ముందు మీటరుకి ఒక సెంటీమీటరు వాటం వచ్చేలా సరిచేయించి, ఆ మాలు క్యూరింగ్ అయ్యి ఆరాకే పూత గురించి ఆలోచించండి.

ఇంకా పెద్ద హెచ్చరిక లోపలి కప్పు గురించి. పెచ్చులు ఊడి, తుప్పు పట్టిన ఊచలు కనిపిస్తున్న స్లాబు మీద తెల్ల పూత వేసి ‘లీకేజీ పని అయిపోయింది’ అనేవాళ్లని నమ్మకండి. కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 సముద్రతీర వాతావరణాన్ని ‘తీవ్రం’ కింద లెక్కగట్టి, ఊచ మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే ఊచని కప్పే కాంక్రీటు మందం, అడుగుతుంది. పాత ఇళ్లలో చాలాచోట్ల 15, 20 కూడా ఉండదు. ఉప్పు ఊచదాకా చేరాక తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎన్నో రెట్లు ఉబ్బి కాంక్రీటుని తోసేస్తుంది. పైనుంచి నీరు ఆపితే ఆ వేగం కొంత తగ్గుతుందే తప్ప ఆగదు. పెచ్చు చుట్టూ గట్టి కాంక్రీటు తగిలేదాకా కొట్టి, ఊచ వెనక కూడా రెండు సెంటీమీటర్లు ఖాళీ చేసి, ఊచ మెరిసేదాకా తుప్పు తీసి, జింక్ ప్రైమర్ పూసి, పాలిమర్ మాలుతో పూడ్చాలి. ఊచ మందం బాగా తగ్గి ఉంటే మేస్త్రి మాట చాలదు, స్ట్రక్చరల్ ఇంజనీరు చూడాలి. ఆ బాగుచేత అయ్యాకే పైన పూత.

వేశాక మన ఊరిలో పూతకి మొదటి శత్రువు ధూళి. పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం దిగే చోటికి దగ్గరగా ఉన్న జ్ఞానాపురం, వన్ టౌన్, కాన్వెంట్ జంక్షన్ ప్రాంతాల్లో తెల్ల డాబా త్వరగా బూడిదరంగుకి తిరుగుతుంది. రంగు మాసినకొద్దీ చల్లదనం పోతుంది. మాసిన పూత 80 నుంచి 55కి దిగితే తాగే వేడి రెండింతలు దాటినట్టే. అక్కడ ఎండాకాలంలో నెలకోసారి, మిగతా ఊరిలో మార్చిలో ఒకసారి, తుపానులు వెళ్లాక ఒకసారి మెత్తటి చీపురుతో సబ్బునీళ్లు పోసి కడగాలి. యాసిడ్, చిక్కటి బ్లీచింగ్ పౌడర్ వద్దు. నీళ్ల డ్రమ్ములు, ఇనుప మంచాలు ఈడ్చకండి. తడిస్తే జారుతుంది కూడా, అందుకే ట్యాంకు దాకా నడిచే దారిలో రెండో కోటు తడిగా ఉండగానే సన్నటి సిలికా ఇసుక చల్లించుకోండి. ఇంత చూసుకుంటే మూడు నుంచి అయిదేళ్లు వస్తుంది, ఆ తరువాత కడిగి ఒక్క కోటు వేస్తే సరిపోతుంది.

వేరే దారులతో పోలిస్తే, జిగురు కలిపిన సున్నం చాలా చవక, చల్లదనం తొలి నెలల్లో దీనికి తీసిపోదు, కానీ ఒక్క వానాకాలానికి కరిగిపోతుంది. ఏటా వేసుకునే ఓపిక ఉంటే నిజాయితీగల మందు. తెల్ల చైనా మొజాయిక్ (పగిలిన టైలు ముక్కల పరుపు) దీనికన్నా ఎంతో ఎక్కువ కాలం ఉంటుంది, కానీ కింద 50 మిల్లీమీటర్ల మాలుకే చదరపు మీటరుకి వంద కిలోల బరువు. పెచ్చులూడిన పాత స్లాబు మీద ఆ బరువు వద్దు. డాబా మీద రేకుల షెడ్డు నీడకి బాగుంటుంది. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరి మీదికి వచ్చినప్పుడు ఎగిరిపోయిన రేకులని చూసిన ఊరు ఇది, పూతకి ఆ భయం లేదు.

గదిలో ఏసీ రోజంతా నడిచే ఇళ్లకి పూత ఒక్కటే చాలదు. ఇళ్ల కోసం కేంద్రం తెచ్చిన విద్యుత్ పొదుపు నియమావళి ఎకో నివాస్ సంహిత 2018 కప్పు గుండా వేడి దిగే రేటుని చదరపు మీటరుకి, డిగ్రీకి 1.2 వాట్ల లోపు ఉంచమంటుంది. ఉత్త కాంక్రీటు స్లాబుది 3 పైమాటే, ఆ అంకెని పూత మార్చదు. అక్కడ వాటర్‌ప్రూఫింగ్ మీద ఎక్స్‌పీఎస్ బోర్డు (వేడిని ఆపే గట్టి నురుగు పలక) పరిచి, పైన మాలు, తెల్ల టైలు వేయించడం సరైన దారి.

ఈ పూతతో అందరికన్నా ఎక్కువ మేలు పొందేది సిమెంటు రేకుల ఇళ్లు. రేకు పలచన, ఎండ తగిలిన నిమిషాల్లోనే లోపల సెగ, కాబట్టి తేడా ఆ రోజే తెలుస్తుంది. ఈ రేకుల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, దాని ధూళి ఊపిరితిత్తులకి ప్రమాదం. పొడిగా గీకకండి, గ్రైండరు అసలే పెట్టకండి. నీళ్లతో తడిపి మెత్తటి బ్రష్షుతో నాచు తీసి, ఆరాక పూయాలి. రేకు మీద నేరుగా అడుగు వేయకూడదు, దూలాల మీదుగా అడ్డంగా చెక్కలు పరిచి వాటి మీదే నడవాలి.

గ్యారంటీ కార్డు సంతకానికి ముందే చదవండి. చాలా కార్డుల్లో నీరు నిలవడం, స్లాబు పగలడం మినహాయింపులో ఉంటాయి, ఇచ్చేది సరుకు మాత్రమే, కూలి కాదు. బకెట్ల బ్యాచ్ నంబర్లు, కడిగాక తీసిన ఫొటోలు, మెష్ పరిచినప్పటి ఫొటోలు బిల్లుతోపాటు దాచుకోండి. మెష్ పూత కింద ఉందని తరువాత చూపించడానికి ఆ ఫొటో తప్ప వేరే ఆధారం ఉండదు.