పసిపిల్లల ఈత క్లాసులు: ఫొటో చూసి మార్కులు వేయకండి

ఏడాది లోపు పిల్లలకి ఈత నేర్పే చోట్ల గోడ మీద కనిపించే ఫొటో దాదాపు ఒకటే. నీళ్లడుగున కళ్లు తెరిచి, బుగ్గలు పూరించుకున్న పాప. చేరేది ఆ ఫొటో కోసమే అయితే డబ్బు దండగ. మంచి క్లాసులో తల ముంచడం అన్నిటికన్నా చివర వస్తుంది, రెండు సెకన్లలో అయిపోతుంది. టైమంతా తినేది ఒక ప్లాస్టిక్ కప్పు.

ఆ కప్పుతో చేసే పని ఇదీ: పాపని చంకల కింద రెండు చేతులతో పట్టుకోవాలి, మొహం మీ వైపు, గడ్డం నీటికి కాస్త పైన. ప్రతిసారీ అవే మాటలు, అదే వరస: పాప పేరు, "రెడీ", "ఒకటి, రెండు, మూడు". మూడు అనగానే ట్రైనర్ నడినెత్తి మీద పావు కప్పు నీళ్లు వదులుతారు. ఇలా కొన్ని క్లాసులు గడిచాక, నీళ్లు పడకముందే "మూడు" వినగానే పాప కళ్లు మూసి పెదాలు బిగిస్తుంది. అది కనిపించిన తర్వాతే ముంచే మాట. మొదటి రోజే ముంచే క్లాసైతే ఇంకోటి చూసుకోండి.

"పిల్లలకి ఈత పుట్టుకతోనే వచ్చు" అని చెప్పే ట్రైనర్లున్నారు. మొహానికి నీళ్లు తగిలితే ఊపిరి బిగబట్టి, గుండె వేగం తగ్గే రిఫ్లెక్స్ పసిపిల్లల్లో ఉన్నమాట నిజమే. కానీ అది ఈత కాదు. ఆరు నెలలు దాటాక అదీ తగ్గుతూ పోతుంది. పైగా నీళ్లు మింగకుండా ఆపదు. పదే పదే ముంచితే మింగిన నీళ్లకి రక్తంలో సోడియం పడిపోయి వాంతులు, మగత, ఒక్కోసారి ఫిట్స్ దాకా వెళ్తుంది. క్లాసుకి రెండు మూడు మునకలు చాలు, ఆపైన ఫొటోగ్రాఫర్ కోసమే.

ముంచేటప్పుడు బోర్లా, ముందుకి జారుస్తూ తీసుకెళ్లాలి. వెల్లకిలా ముంచితే నీళ్లు నేరుగా ముక్కులోకి పోతాయి. ఏడుస్తున్న పాపని అసలు ముంచకూడదు, ఏడుపు మధ్యలో గట్టిగా పీల్చే గాలితో పాటు నీళ్లూ లోపలికి వెళ్తాయి.

నీళ్ల వేడి 32 డిగ్రీల దగ్గర ఉండాలి. థర్మామీటర్ ఎక్కడుందని అడగండి. మొదట్లో 10 నిమిషాలు, అలవాటయ్యాక 20, ఎంతైనా 30 దాటకూడదు. వణుకు మొదలైనా, పెదాలు నీలంగా మారినా వెంటనే బయటికి తీసి తువ్వాలు చుట్టాలి. కళ్లు మండేంత క్లోరిన్ వాసన శుభ్రతకి గుర్తు కాదు, మూత్రం, చెమటతో కలిసిన క్లోరిన్ వాసనది. స్విమ్ డైపర్ మలాన్ని కొంతవరకే ఆపుతుంది, మూత్రాన్ని ఆపదు. గంటకోసారైనా చూసి, పూల్‌కి దూరంగా మార్చాలి. విరేచనాలైతే ఆ రోజు క్లాసు మానేయడమే.

మెడకి తగిలించే గాలి రింగులు ఇస్తున్నారా? అక్కడితో ఆపేయండి. ఒక పసిబిడ్డ చనిపోయిన ఉదంతం ఉందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లోనే వాటి మీద హెచ్చరించింది.

నీళ్లలో ఆటగా, తల్లిదండ్రులకి పట్టు నేర్పే క్లాసుగా దీనికి 5కి 4 ఇస్తాం. మునిగిపోకుండా కాపాడుతుందని అమ్మితే మాత్రం సున్నా. ఏడాది లోపు క్లాసులు ఆ ప్రమాదాన్ని తగ్గిస్తాయనడానికి ఆధారం లేదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. ఏడాది దాటాక నేర్పే ఈత కొంత ఉపయోగపడవచ్చంటుంది, అప్పుడు కూడా పెద్దవాళ్ల చెయ్యి అందేంత దూరంలోనే పాప ఉండాలి.

ఫీజు కట్టే ముందు గట్టు మీద కూర్చుని ఒక క్లాసు పూర్తిగా చూడనిమ్మని అడగండి. పాప మొహం తిప్పేసుకుంటే ట్రైనర్ కప్పు పక్కన పెడుతున్నారా, లేక "అలవాటైపోతుందిలెండి" అంటూ పోసేస్తున్నారా అన్నది అక్కడే తేలిపోతుంది.