దిల్‌సుఖ్‌నగర్‌లో రక్తనాళాల బిరుసు టెస్టు: రెండుసార్లు వెళ్తే రెండు అంకెలు

సెంటర్ పేరు రాయను, ముందే చెప్పేస్తున్నా. టెస్టు మీద నాకు కోపం లేదు, మెషీన్ మీద అసలే లేదు, ఆ రోజు చేసిన తీరు మీదే. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగితే అటూ ఇటూ కనిపించే బోలెడు డయాగ్నస్టిక్ సెంటర్లలో ఒకటి అనుకోండి.

నాకు 52 ఏళ్లు. మూడేళ్లుగా బీపీ మాత్ర వాడుతున్నా, అదీ గుర్తొచ్చిన రోజు. మొన్న డాక్టర్ గారు చూసి "పై బీపీ 150 దాటుతోంది, కిందది 80 దగ్గరే ఆగింది, ఈ రెంటికీ మధ్య తేడా పెరుగుతోంది, రక్తనాళాలు ఎంత బిరుసెక్కాయో ఒకసారి చూద్దాం" అని చీటీ రాశారు. సూది ఉండదు, రక్తం తీయరు. మంచం మీద పడుకోబెట్టి రెండు చేతులకీ, రెండు చీలమండలకీ బీపీ పట్టీలు చుడతారు, ఈసీజీ క్లిప్పులు పెడతారు, నాలుగు పట్టీలూ ఒక్కసారే బిగుసుకుని మెల్లగా వదులవుతాయి. గుండె కొట్టిన ప్రతిసారీ ఒక అల బయల్దేరుతుంది కదా, అది చేతికి చేరడానికీ కాలికి చేరడానికీ మధ్య ఎంత టైం పట్టిందో మెషీన్ పట్టుకుంటుంది. రక్తనాళం గోడ మెత్తగా సాగితే అల నెమ్మదిగా పోతుంది, బిరుసైతే దూసుకుపోతుంది. ఈ లెక్క కొత్తదేమీ కాదు, 1878లోనే మోన్స్, కోర్టెవెగ్ అనే ఇద్దరు డచ్చివాళ్లు తేల్చారు. ఆ వేగాన్నే పల్స్ వేవ్ వెలాసిటీ అంటారు, రిపోర్టులో పీడబ్ల్యూవీ అని ఉంటుంది.

ఇంకో సంగతి, మన ఊరివాళ్లు గొప్పగా చెప్పుకోవాల్సింది. ఇలాంటి నాలుగు పట్టీల మెషీన్ ఒకటి హైదరాబాద్ కంపెనీయే తయారు చేసింది, పెరిస్కోప్ అని పేరు. అది సరిగ్గా కొలుస్తోందా, మళ్లీ కొలిస్తే అదే అంకె వస్తోందా అని నిమ్స్ ఆసుపత్రిలో వాళ్లు పరీక్షించి 2005లో పేపర్ కూడా వేశారు. నాకు చేసింది అదో ఇంకోటో తెలీదు, మెషీన్ మీద స్టిక్కర్ సగం చిరిగిపోయి ఉంది.

సరే, మొదటి రోజు. సెంటర్ రెండో అంతస్తులో, లిఫ్ట్ పనిచేయట్లేదు. మెట్రోలో నిలబడి వచ్చి, కింద ఇరానీ హోటల్లో చాయ్ తాగి, ఆ మెట్లెక్కి పైకి వెళ్లా. కౌంటర్లో 1,200 కట్టాను, టోకెన్ ఇచ్చిన రెండు నిమిషాలకే పిలిచారు, అబ్బ ఎంత ఫాస్టో అనుకున్నా. ఇక్కడే తప్పు మొదలైంది. ఈ టెస్టుకి ముందు కనీసం పది నిమిషాలు కదలకుండా పడుకోవాలి, మూడు గంటల ముందు నుంచి టీ, కాఫీ, సిగరెట్ ఏవీ ముట్టకూడదు, గది మరీ చల్లగా ఉండకూడదు, టెస్టు జరిగేటప్పుడు మాట్లాడకూడదు, నిద్రపోకూడదు. అవేవీ ఎవరూ అడగలేదు. ఏసీ 18లో ఉంది, నా పాదాలు ఐసుగడ్డల్లా ఉన్నాయి. టెక్నీషియన్ అమ్మాయి పాపం మంచిదే, పట్టీ బిగుసుకుంటుంటే "ఏం గాదు అంకుల్, గట్లనే పండుకోండి" అంటూ, మధ్యలో "మీ ఊరేది అంకుల్" అని కూడా అడిగింది. నేనూ నల్గొండ అంటూ కథ మొదలెట్టా.

రిపోర్టు: బీపీ 152/84, పీడబ్ల్యూవీ 1720 (సెకనుకు ఇన్ని సెంటీమీటర్లని, అంటే 17 మీటర్ల పైమాటే), కింద ఎర్ర అక్షరాల్లో "మీ రక్తనాళాల వయసు 68". రిపోర్టు ఇంకా చేతికి రాకముందే కౌంటర్ అబ్బాయి, రక్తనాళాలు మెత్తబడతాయంటూ పది సిట్టింగుల ప్యాకేజీ కాగితం ముందు పెట్టాడు. ఈ రోజే కడితే డిస్కౌంటట. చీరల షాపులో కూడా ఇంత తొందరపెట్టరు.

ఇంటికొచ్చాక మా అబ్బాయి ఫోన్లో వెతికి "నాన్నా, 10 దాటితేనే డేంజర్ అని ఉంది, నీది 17 అంట" అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. మర్నాడు డాక్టర్ గారు చెప్తే గానీ అర్థం కాలేదు. సెకనుకు 10 మీటర్లు అనేది మెడ నుంచి తొడ మొదలు దాకా కొలిచే పద్ధతికి పెట్టిన హద్దు, అదీ మొదట్లో 12 ఉండేది, 2012లో 10కి మార్చారు. చేతి నుంచి చీలమండ దాకా కొలిస్తే కాళ్లలోని గట్టి నాళాలు కూడా లెక్కలోకి వచ్చేస్తాయి కాబట్టి అంకె ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. ఈ పద్ధతిలో సెకనుకు 1400 సెంటీమీటర్లు దాటితే కాస్త చూసుకోమంటారు, జపాన్ వాళ్లు 1800 దాటితే గట్టిగా పట్టించుకుంటారు. రిపోర్టు మీద ఈ ఒక్క ముక్క అచ్చేస్తే ఎంతమందికి టెన్షన్ తగ్గుతుందో.

ఆయన రిపోర్టు తిప్పి చూసి, "మీ ఎత్తు 170 ఆ?" అన్నారు. నేను 163. ఎవరూ కొలవలేదు, అడగనూ లేదు, ముందు పేషెంటుది అలాగే ఉండిపోయినట్టుంది. ఈ మెషీన్లు చేతికీ కాలికీ దూరాన్ని టేపు పెట్టి కొలవవు, ఎత్తు నుంచి లెక్కగట్టేస్తాయి. ఏడు సెంటీమీటర్లు ఎక్కువ కొడితే అంకె సుమారు 4 శాతం ఊరికే పెరుగుతుంది. అంటే నా రక్తనాళాలకి కొంత వయసు కీబోర్డే పెంచింది.

వెళ్లి గొడవ పెట్టుకున్నా, నిజమే ఒప్పుకుంటా, గొంతు కూడా పెంచా. మేనేజర్ సారీ చెప్పి డబ్బు లేకుండా మళ్లీ చేస్తామన్నాడు, అది మెచ్చుకోవాలి. వారం తర్వాత పొద్దున్నే ఏడింటికి, చాయ్ లేకుండా వెళ్లా. ఆ షిఫ్టులో ఉన్న పెద్దాయన ఎత్తు కొలిచాడు, ఏసీ చలి తగ్గించాడు, దుప్పటి కప్పి పావుగంట పడుకోమన్నాడు, నేను మాట్లాడబోతే వేలు పెదాల మీద పెట్టాడు. ఈసారి బీపీ 136/80, పీడబ్ల్యూవీ 1490. అదే మెషీన్, అదే మంచం. మధ్యలో ఆ వారం మాత్ర రోజూ వేసుకున్నానని కూడా చెప్పాలి. బీపీ తగ్గితే ఈ అంకె తగ్గుతుంది, కాబట్టి ఎంత తేడా మాత్రది, ఎంత పద్ధతిది అని నన్నడగొద్దు.

ఇంకో అంకె కూడా ఇస్తారు, ఏబీఐ అని, చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చేది. నాకు 1.08, బాగున్నట్టే. 0.9, అంతకన్నా తక్కువ ఉంటే కాళ్లకి రక్తం సరిగ్గా పోవట్లేదని అనుమానం. షుగర్ ఉన్న మా బావకి 1.46 వస్తే కౌంటర్లో "సూపర్ సార్, ఎక్కువుంది" అన్నారట! 1.4 దాటితే సూపర్ కాదు, నాళం గోడలో కాల్షియం పేరుకుని పట్టీకి లొంగట్లేదని అర్థం. ఆయన్ని ఆ రోజే డాక్టర్ దగ్గరికి పంపించా.

వెళ్లొచ్చా అంటే వెళ్లొచ్చు, ఐదుకి మూడు ఇస్తా. గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లకి ఈ అంకె నమ్మకంగా రాదు, డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా (ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్నవాళ్లు ఆ చేతికి పట్టీ వేయించుకోకూడదు, ముందే చెప్పండి. ఏడాదికోసారి చూసుకోవాలనుకుంటే అదే సెంటర్, అదే టైం, రిపోర్టులు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ప్యాకేజీ కాగితం ఇస్తే మడిచి జేబులో పెట్టుకుని వచ్చేయండి. బండి పెట్టడానికి చోటు లేదు, మెట్రోనే నయం. సాయంత్రం వద్దు, ఏడింటి షిఫ్టుకే వెళ్లండి, సాక్సులు తేలిగ్గా ఊడేవి వేసుకోండి. లిఫ్ట్ నేను రెండోసారి వెళ్లినప్పుడూ బాగు కాలేదు, మెట్లెక్కిన ఆయాసం తగ్గేదాకా టోకెన్ తీసుకోకుండా బయట కుర్చీలో కూర్చోండి.